పదిహేడు మందికి కొలతలు కావాలి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో వచ్చే వంటల పేజీని చాలా ఏళ్లుగా చదువుతున్నాను. నచ్చినవి కత్తిరించి ఒక పాత బిస్కెట్ డబ్బాలో దాచుకుంటాను. ఆ డబ్బా నిండా ఉన్న కాగితాలన్నిటి మీద ఒకటే మాట ఉంటుంది, "నలుగురికి సరిపడా" అని. మా ఇంట్లో పదిహేడు మందిమి. అందుకే ఈ ఉత్తరం.

మాది దేవరకొండ దగ్గర పల్లె. కొంత పత్తి చేను, కొంత బత్తాయి తోట. అత్తమ్మ, మామయ్య, ముగ్గురు అన్నదమ్ములు, ముగ్గురు కోడళ్లం, నా కొడుకు, కోడలు, వాళ్ల ఇద్దరు పిల్లలు, నడిపి మరిదికి ముగ్గురు, చిన్న మరిదికి ఇద్దరు. నేను పెద్ద కోడలిని. 1990లో పద్దెనిమిదేళ్లప్పుడు ఈ ఇంటికి వచ్చాను. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఒకటే పొయ్యి. పత్తి ఏరే రోజుల్లో మనుషులు ఇంకా పెరుగుతారు, ఇరవై అయిదు పళ్లేలు కడిగిన రోజులున్నాయి.

నలుగురి కొలతను నాలుగుతో గుణించుకుంటే సరిపోతుంది కదా అని మీకు అనిపించవచ్చు. నేనూ అట్లాగే చేశాను. కొన్నేళ్ల కింద మీ పేజీలో వచ్చిన దోసకాయ పప్పును అన్నీ నాలుగింతలు వేసి వండాను. పప్పు చారు లాగా అయింది. నీళ్లు ఇగరాలని మంట పెంచి ఇంకా ఉడికిస్తే ఉప్పు, కారం రెండూ నోట పెట్టనివ్వలేదు. మామయ్య ఒక్క మాట అనలేదు, పెరుగు కలుపుకొని తిని లేచారు. పిల్లలు మాత్రం అన్నం వదిలేశారు. ముప్పావు కిలో కందిపప్పు, అర లీటరుకు తక్కువ కాని నూనె, పొద్దుటి పని అంతా పోయింది. రెండు రోజులు ఆ పప్పు నా కళ్ల ముందే తిరిగింది.

ఎందుకట్లా అయిందో తర్వాత చేస్తూ చేస్తూ తెలిసింది. చిన్న గిన్నెలో నీళ్లు తొందరగా ఇగురుతాయి. పెద్ద బగోనె లోతుగా ఉంటుంది, దాంట్లో ఉన్న నీళ్ల లెక్కకు పైన ఆవిరయ్యేది తక్కువ. అందుకని నలుగురికి నాలుగు గ్లాసులైతే పదిహేడు మందికి పదిహేడు పోయొద్దు, పదమూడు చాలు. పోపు నూనె కూడా అంతే, గంటె అడుగున పరుచుకుని ఆవాలు చిటపటమనేంత ఉంటే చాలు. దాన్ని నాలుగింతలు చేస్తే పప్పు మీద నూనె తేలుతుంది. ఉప్పు, కారం ముందు మూడింతలే వేసి, దించే ముందు రుచి చూసి మిగతాది కలపాలి. పెద్ద బగోనె మసలడానికే ఇరవై నిమిషాలు పడుతుంది, ఆ సేపంతా ఆకుకూర అందులోనే ఉంటే రంగు, రుచి రెండూ పోతాయి. ఇవేవీ గుణకారంలో రావు.

మా ఇంట్లో ఈ లెక్కలన్నీ అత్తమ్మ చేతిలో ఉండేవి. నిజంగా చేతిలోనే. ఉప్పు అంటే ఆమె కుడి పిడికిలి. చింతపండు అంటే ఆమె వేళ్ల మధ్య ఇమిడిన ఉండ. బియ్యం మీద నీళ్లు ఎన్ని అంటే ఆమె వేలి కణుపులు రెండు. మేము ముగ్గురం యారాండ్లం, అంటే తోడికోడళ్లం, ఆమె పక్కన నిలబడి చూసి నేర్చుకున్నవాళ్లమే, కానీ ఉప్పు వేసే పని ఆమె ఎవరికీ ఇవ్వలేదు. "ఉప్పు ఒక్క చేయే వెయ్యాలె" అనేది. రెండేళ్ల కింద ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి మూతపడదు, తెరుచుకోదు. దవాఖాన నుంచి ఇంటికి వచ్చిన వారం మా ఇంట్లో కూరలు ఒకరోజు చప్పగా, ఒకరోజు ఉప్పగా అయ్యాయి. చిన్న యారాలు హైదరాబాద్‌లో పెరిగింది, చిన్న కుటుంబం నుంచి వచ్చిన పిల్ల. "అక్కా, ఎన్ని పొయ్యాలో చెప్పు, కాగితం మీద రాసియ్యి" అని ఏడ్చినంత పని చేసింది. నా దగ్గర రాసి ఇవ్వడానికి ఏమీ లేదు.

అప్పుడు నేను కిరాణా తూకం మిషన్ ఒకటి తెప్పించాను. అత్తమ్మ మంచం దగ్గర కూర్చుని ఆమె ఎడమ పిడికిట్లో రాళ్ల ఉప్పు పోసి తూచాను. 42 గ్రాములు వచ్చింది. మళ్లీ తూస్తే 40. అత్తమ్మ ఆ మిషన్ అంకెల వంక చూసి, "కుడి చేతిల ఇంకింత పట్టేది బిడ్డా" అన్నది. నోట్‌బుక్‌లో 45 అని రాసుకున్నాను. ఇప్పటికి ఆ నోట్‌బుక్‌లో ముప్పై ఒక్క వంటలు ఎక్కాయి. రోజూ సాయంత్రం ఆమె చెప్తుంది, నా మనవరాలు రాస్తుంది. ఆమెకు మాట కొంచెం తడబడుతుంది కాబట్టి ఒక వంటకు మూడు నాలుగు రోజులు పడుతుంది.

నేను మిమ్మల్ని అడిగేది ఇదే. మీ పేజీలో నెలకు ఒక్క వంటయినా పదిహేను, ఇరవై మందికి సరిపడా కొలతతో వేయండి. అది ఊరికే గుణించినది కాకుండా, అంత పెద్ద గిన్నెలో నిజంగా వండి చూసినవాళ్లు రాసినదై ఉండాలి. అట్లాంటివాళ్లు మన జిల్లాల్లో ఊరూరా ఉన్నారు. బడుల్లో మధ్యాహ్న భోజనం వండే అక్కలున్నారు, పెళ్లిళ్లకు వండేవాళ్లున్నారు, మా అత్తమ్మ లాంటివాళ్లు ఇంటింటికీ ఉన్నారు. వాళ్లను అడగండి. చాలామంది రాయలేరు కానీ చెప్పగలరు. వాళ్ల చేతుల్లో ఉన్నది వాళ్లతోనే పోతోంది, ఎవరూ తూచి రాసుకోలేదు.

ఇంకో మాట కూడా మనసులో ఉంది. కొలత తప్పితే ఎవరికి తక్కువ పడుతుందో మీ పేజీ చదివే మగవాళ్లు కూడా ఒక్కసారి చూడాలి. మొదటి వరుసలో కూర్చున్న మామయ్యకు, మరుదులకు, పిల్లలకు ఎప్పుడూ తక్కువ పడదు. అడుగు తేలిన బగోనె చివర తినేవాళ్ల ముందుకు వస్తుంది. నా కొత్తల్లో అత్తమ్మ ఆ బగోనెలోనే ఇంత అన్నం వేసి, అంచులకు అంటిన పప్పును దానితో తుడుచుకుని తినేది. నాకు ఆకలి లేదనేది. ఆమెకు ఆకలి ఉండేదని నేను ఆమె జాగాలోకి వచ్చాక అర్థమైంది. ఇప్పుడు కొలత రాసి ఉంది కాబట్టి అందరికీ వస్తుంది. రాత్రి పూట మేము కూడా పిల్లలతో కలిసి కూర్చుంటున్నాం. రొట్టెలు వేడిగా తినాలి కాబట్టి ఒకరు పెంక దగ్గర ఉండక తప్పదు, అది రోజుకొకరం. ఆదివారం నా కొడుకు ఉంటాడు. రొట్టె ఇంకా గుండ్రంగా రావడం లేదు కానీ పొంగుతోంది.

రొట్టె మాట వచ్చింది కాబట్టి చెప్తాను. 2023ను చిరుధాన్యాల సంవత్సరం అన్నప్పుడు మీ పేజీలో జొన్నలతో, రాగులతో ఎన్నో కొత్త వంటలు వచ్చాయి. జొన్న కేకు కూడా వచ్చింది. మాకు రోజూ రాత్రి వండే జొన్న రొట్టె గురించి మాత్రం ఒక్క అక్షరం చూడలేదు. అందరికీ తెలిసిందే కదా అనుకున్నారేమో. తెలియదు. మా చిన్న యారాలికి తెలియదు, నా కోడలికి తెలియదు. గోధుమ పిండి లాగా జొన్నపిండికి సాగే గుణం ఉండదు, అందుకే మసిలే నీళ్లు పోసి కలపాలి. పట్టించి చాలా రోజులైన పిండి చేదెక్కుతుంది, తట్టేటప్పుడు అంచులు పగులుతాయి. మేము వారానికి సరిపడానే గిర్నీకి పంపిస్తాం. కిలో పిండికి మా సైజు రొట్టెలు పదకొండు వస్తాయి, రాత్రికి రెండున్నర కిలోలు కావాలి. పెంక మీద వేశాక పైన తడిగుడ్డతో నీళ్లు రాయాలి, ఆ తడి ఆరకముందే తిప్పితే పెంకకు అంటుకుంటుంది, పూర్తిగా ఆరాక తిప్పితే పగులుతుంది. ఆ మధ్య ఉన్న కొన్ని క్షణాలు చూపించడానికి నాకు ఒక నెల పట్టింది. కూరగాయల పేర్లతో కూడా ఒక చిక్కుంది. మీరు ఆనపకాయ అని రాసేది మాకు సొరకాయ. మా దగ్గర అనపకాయలంటే చలికాలంలో వలుచుకుని రొట్టెల్లోకి వండుకునే గింజల కాయలు. రెండు పేర్లూ పక్కపక్కన వేస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

నీళ్లు కూడా జిల్లాను బట్టి ఉంటాయి. మా పుట్టిల్లు మర్రిగూడ దిక్కు. ఫ్లోరైడ్‌తో నడుములు వంగిపోయిన మనుషుల మధ్య పెరిగాను. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దని మాకు బడిలో చెప్పేవాళ్లు, తాగేది మాత్రం ఆ బోరు నీళ్లే. ఆ నీళ్లు గట్టివి, సున్నం ఎక్కువ. కందిపప్పు ఎంతసేపు ఉడికినా పలుకు పోయేది కాదు. అమ్మ రాత్రే నానబెట్టేది, వానాకాలంలో చూరు నీళ్లు పట్టి పప్పుకు దాచేది. కృష్ణ నీళ్లు నల్లాల్లో వచ్చాక అదే పప్పు అరగంటలో మెత్తబడింది. అందుకే "మూడు విజిల్స్" అని రాసినప్పుడల్లా ఏ నీళ్లతో అని అడగాలనిపిస్తుంది. మోటారు పాడై నల్లా రాని రోజు మా ఇంట్లో ఇప్పటికీ పప్పు వండం, పచ్చిపులుసు చేసుకుంటాం.

బియ్యం సంగతీ అంతే. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో మొదలుపెట్టినప్పటి నుంచి రేషన్‌లో సన్నబియ్యం ఇస్తున్నారు, మనిషికి ఆరు కిలోలు. మా కార్డుల్లో పేర్లున్న పద్నాలుగు మందికి 84 కిలోలు వస్తాయి. నెలకు మాకు నూరు దాటుతాయి, మిగతావి కొంటాం. అందరం ఒకటే అన్నం తింటున్నామన్న తృప్తి ఉంది. కానీ అత్తమ్మ రెండు కణుపుల లెక్క దొడ్డుబియ్యానిది. సన్నబియ్యానికి, అందులోనూ కొత్తవాటికి, అన్ని నీళ్లు పోస్తే ముద్ద అవుతుంది. ఒకటిన్నర కణుపు దగ్గర కుదిరింది. అది కూడా నోట్‌బుక్‌లో ఎక్కింది.

అడగడమే కాకుండా ఒక వంట పంపిస్తున్నాను. పుంటికూర పప్పు, మీరు గోంగూర పప్పు అంటారు. పదిహేడు మందికి ఒక పూటకు సరిపోతుంది. కందిపప్పు ముప్పావు కిలో కడిగి అరగంట నానబెట్టాలి. పెద్ద బగోనెలో మూడు లీటర్ల నీళ్లు మసిలాక పప్పు, చెంచాడు పసుపు, రెండు చెంచాల నూనె వేయాలి, నూనె ఉంటే పొంగిపోదు. పప్పు వేళ్ల మధ్య నలిగేదాకా వేరే ఏమీ వేయొద్దు. పులుపు ముందే పడితే పప్పు ఉడకదు, ఎంత మంట పెట్టినా గింజ గింజగానే ఉంటుంది. నలిగాక ఆకు తుంచిన పుంటికూర ఎనిమిది కట్టలు, నిలువుగా చీల్చిన పచ్చిమిరపకాయలు ఇరవై అయిదు, ఉల్లిగడ్డలు అర కిలో వేసి పది నిమిషాలు ఉంచాలి. చింతపండు వద్దు. ఎర్ర పుంటికూరైతే ఏడు కట్టలే వేయండి, దాని పులుపు ఎక్కువ. రాళ్ల ఉప్పు ముందు 35 గ్రాములు వేసి మెదపాలి, రుచి చూసి ఇంకో పది. పోపుకు చిన్న గ్లాసు పల్లీ నూనె, దంచిన ఎల్లిపాయలు రెండు గడ్డలు, ఎండుమిరపకాయలు పది, ఆవాలు, జీలకర్ర. ఎల్లిపాయ ఎర్రగా అయ్యాక పోసి వెంటనే మూత పెట్టాలి. మొత్తం గంటంపావు పడుతుంది.

ఈ కొలత నాలుగుసార్లు తూచి వండి చూశాను. నాలుగోసారి అత్తమ్మకు చెప్పకుండా పెట్టాను. రెండు ముద్దలు తిని, "ఇయ్యాల ఉప్పు ఎవరేసిండ్రు?" అని అడిగింది.

మీరు వేస్తానంటే మిగతా ముప్పై కూడా ఒక్కొక్కటిగా పంపిస్తాను. చింతచిగురు కొలత సిద్ధంగా ఉంది. అది మాత్రం ఎండాకాలం నడుమ వేయకండి, అప్పటికి చిగురు ముదిరిపోతుంది. ఉగాది ముందు వారం వేస్తే చదివినవాళ్లు ఆ రోజే చెట్టు దగ్గరికి పోయి కోసుకొచ్చుకోవచ్చు.

ఇట్లు,
ఒక పెద్ద కోడలు,
దేవరకొండ మండలం, నల్లగొండ జిల్లా.