ఫిట్‌నెస్‌కు సిద్ధం చేయమని ఇచ్చిన కారులో కెటలిటిక్ కన్వర్టర్ ఖాళీ చేశారు

తిరుపతి,
14 నవంబరు 2025

కస్టమర్ సర్వీసు విభాగం అధిపతి గారికి,

విషయం: మీ తిరుపతి బ్రాంచిలో నా అనుమతి లేకుండా కారు కెటలిటిక్ కన్వర్టర్‌ను (ఇంజన్ పొగను శుభ్రం చేసే భాగాన్ని) పనికిరాకుండా చేయడం, దానివల్ల రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఆగిపోవడం గురించి

అయ్యా,

నా కారు 2010 మోడల్ ఫియట్ లీనియా టీ-జెట్. ఈ నెల 17తో దాని రిజిస్ట్రేషన్‌కు 15 ఏళ్లు నిండుతాయి. ఆ తర్వాత కూడా రోడ్డెక్కాలంటే ఫారం 25 పెట్టుకుని, 5,000 రూపాయల ఫీజు కట్టి, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారికి బండి చూపించాలి. ఆయన సరేనంటే ఇంకో ఐదేళ్లు ఇస్తారు. గడువుకు 60 రోజుల ముందు నుంచే దరఖాస్తు చేసుకునే వీలుంది కదా, చివరి నిమిషంలో టెన్షన్ ఎందుకని అక్టోబరు 9నే కారు తెచ్చి మీ బ్రాంచిలో అప్పజెప్పాను. ఎందుకు ఇస్తున్నానో అడ్వైజర్‌కు విడమరిచి చెప్పాను. జాబ్ కార్డు మీద 'ఆర్సీ రెన్యువల్ కోసం' అని ఆయన చేత్తోనే రాశారు. ఆ కాపీ ఈ లేఖతో పంపుతున్నాను.

ఈ కారు గురించి నాలుగు మాటలు చెప్పాలి, లేకపోతే నా బాధ మీకు అర్థం కాదు. ఇందులో ఉన్నది 1.4 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజన్, 114 హార్స్‌పవర్. నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. ఆ రోజుల్లో ఆ ధరకు ఇంత బలమైన పెట్రోలు కారు దొరకడమే అరుదు. భాకరాపేట ఘాట్‌లో లోడు లారీ వెనక ఇరుక్కున్నప్పుడు మూడో గేరులో ఉంచి కాలు నొక్కితే చాలు, పిల్లలు వెనక నిద్రపోతున్నా మెలకువ రాకుండా దాటేస్తుంది. 15 ఏళ్లలో లక్షా 38 వేల కిలోమీటర్లు తిరిగాను. ప్రతి ఆయిల్ మార్పూ డైరీలో రాసుకున్నాను. ఫియట్ 2019లో మన దేశంలో కార్ల తయారీ ఆపేశాక ఒక్కో పార్టు కోసం చెన్నై, బెంగళూరు, పుణెలకు ఫోన్లు చేసి తెప్పించుకుంటున్నాను. అందుకే ఇందులో బాగున్న ప్రతి పార్టునూ కంటికి రెప్పలా చూసుకుంటాను.

అక్టోబరు 11న కారు తీసుకున్నాను. బిల్లు 14,600 రూపాయలు. ప్లగ్గులు, ఆయిల్, ఎయిర్ ఫిల్టర్, బ్రేకుల శుభ్రం, హెడ్‌లైట్ల సర్దుబాటు, వైపర్లు అన్నీ అందులో ఉన్నాయి. వీటి మీద నాకే ఫిర్యాదూ లేదు, హెడ్‌లైట్ల పని చాలా బాగా చేశారు కూడా. హ్యాండ్‌బ్రేక్ బిగించామని రాశారు కానీ అది మునుపటిలాగే తొమ్మిది క్లిక్కులు లాగితే గానీ పట్టడం లేదు. అది నేనే వేరేచోట చేయించుకున్నాను, దాని గురించి ఇక మాట్లాడను.

నేను మాట్లాడేది బిల్లులో పదకొండో లైను గురించి. 'ఎగ్జాస్ట్ క్లీనింగ్, 1,800.' నేను అడగని పని అది. ఇంటికి వస్తుంటేనే సైలెన్సర్ నుంచి ఇదివరకు లేని బొంగురు శబ్దం వినిపించింది. ఫోన్ చేసి అడిగితే, "మసి తీశాం సార్, పొగ ఫ్రీగా పోతోంది, రెండు రోజుల్లో అలవాటైపోతుంది" అన్నారు. నమ్మాను.

దీపావళి అయ్యాక, 23న పొల్యూషన్ టెస్టుకు వెళ్లాను. చల్లటి ఇంజన్‌తో వెళ్తే రీడింగ్ తప్పుగా వస్తుందని తెలుసు కాబట్టి ముందు చంద్రగిరి దాకా వెళ్లి వచ్చి, ఇంజన్ ఆపకుండానే నిలబెట్టాను. బీఎస్-4 పెట్రోలు కారుకు ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు. నా కారుకు 0.71 శాతం, 236 పీపీఎం వచ్చాయి. ఆ అబ్బాయి పైపు తీసి మళ్లీ పెట్టి చూశాడు, అవే అంకెలు. నిరుడు నవంబరులో ఇదే కారుకు వచ్చినవి 0.04, 38. రెండు స్లిప్పులూ జతచేశాను.

ఇంకో అంకె కూడా దయచేసి మీ ఇంజనీర్లకు చూపించండి. ఇంజన్‌ను 2,500 ఆర్‌పీఎం దగ్గర తిప్పినప్పుడు ల్యాంబ్డా 1.00 ఉంది. అంటే ఇంజన్ గాలినీ పెట్రోలునూ కొలిచినట్టు సరిగ్గానే కలుపుకుంటోంది. వయసైపోయి ఇంజన్ పొగలు కక్కడం కాదిది. ఇంజన్ నుంచి వచ్చిన పొగను శుభ్రం చేయాల్సినది తన పని చేయడం లేదు.

నేరుగా మీ బ్రాంచికి వెళ్లాను. అక్కడ నాకు దొరికిన సమాధానం ఇది: "భయపడకండి సార్. మాకు తెలిసిన సెంటరు ఉంది, బండి కూడా తేవక్కర్లేదు, ఆర్సీ కాపీ వాట్సాప్‌లో పంపితే సాయంత్రానికి సర్టిఫికెట్ వచ్చేస్తుంది." అయ్యా, ఈ మాట మీ కంపెనీ బోర్డు కింద, మీ యూనిఫాం వేసుకున్న మనిషి అన్నది. నేను ఒప్పుకోలేదు. నాకు కావలసింది కాగితం కాదు, పాసయ్యే కారు.

25న రేణిగుంటలో ఒక పాత మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్లాను. ఆయన 40 ఏళ్లుగా ఇంజన్లు విప్పుతున్న మనిషి. ముందు కంప్రెషన్ చూశారు, నాలుగు సిలిండర్లూ సమానంగా ఉన్నాయి. ప్లగ్గులు చూశారు, టర్బో పైపుల్లో ఆయిల్ ఉందేమోనని వేలు పెట్టి చూశారు. ఏమీ లేదు. తర్వాత కింద దూరి, వేడి తగలకుండా ఉండే రేకు విప్పి, కెటలిటిక్ కన్వర్టర్‌ను స్పానర్‌తో తట్టారు. ఖాళీ నూనె డబ్బా మీద కొట్టినట్టు ఖంగుమంది. "ఇందులో ఏం లేదు నాయనా" అని టార్చి నా చేతికిచ్చారు.

నేనూ వంగి చూశాను. ఆ డబ్బా పక్కన గ్రైండర్‌తో కోసి, మళ్లీ వెల్డింగ్ చేసిన గీత అరచేతి పొడవున ఉంది. చుట్టూ 15 ఏళ్ల తుప్పు రంగు, ఆ గీత ఒక్కటే నీలంగా మెరుస్తోంది. ఇంకా వెనక, ఆక్సిజన్ సెన్సర్ బిగించే చోట, సెన్సర్‌కూ పైపుకూ మధ్య బొటనవేలంత కొత్త స్టీలు ముక్క పెట్టారు. దీన్ని స్పేసర్ అంటారని, సెన్సర్‌ను పొగకు దూరంగా జరిపితే కన్వర్టర్ బాగానే ఉన్నట్టు కంప్యూటర్ మోసపోతుందని, చెక్ ఇంజన్ లైటు వెలగదని ఆయనే వివరించారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది ఆ ముక్కే. కన్వర్టర్ తీయడం పొరపాటున జరిగిందని ఎవరైనా అనొచ్చు. కారు యజమానికి తెలియకుండా ఉండేందుకు స్పేసర్ పెట్టడం పొరపాటున జరగదు. ఫొటోలు తొమ్మిది పంపుతున్నాను, మూడో ఫొటోలో వెల్డింగ్ గీత, ఆరో ఫొటోలో స్పేసర్ స్పష్టంగా ఉన్నాయి.

27న మీ బ్రాంచి మేనేజర్ గారికి ఈ ఫొటోలు చూపించాను. మొదట "మేం చేయలేదు" అన్నారు. జాబ్ కార్డు తెప్పించాక, "టర్బో కారు కదా సార్, కేట్ (కన్వర్టర్) చోక్ అయ్యింది. తీసేస్తే పికప్ పెరుగుతుంది, ఇలాంటి బండ్లవాళ్లు డబ్బులిచ్చి మరీ తీయించుకుంటారు" అన్నారు. నేను తీయమని అడగలేదు. చోక్ అయిన కారు ఎత్తు ఎక్కేటప్పుడు ఊపిరాడనట్టు చతికిలబడుతుంది. మీకు ఇవ్వడానికి నాలుగు రోజుల ముందే ఐదుగురం ఎక్కి మదనపల్లె వెళ్లి వచ్చాం, ఆ లక్షణం ఏ కోశానా లేదు. నిజంగానే చోక్ అయ్యిందనుకుందాం. 400 రూపాయల వైపర్లు మార్చడానికి నాకు ఫోన్ చేసి అనుమతి అడిగారే, దీనికి ఎందుకు అడగలేదు?

ఇంకో సంగతి. పాత ప్లగ్గులు, పాత ఫిల్టర్, పాత వైపర్లు కవర్లో కట్టి డిక్కీలో పెట్టి ఇచ్చారు. మంచి అలవాటు. కన్వర్టర్ లోపలి తేనెపట్టులాంటి సిరామిక్ దిమ్మ మాత్రం ఇవ్వలేదు. "పొడి అయిపోయింది, చెత్తలో వేశాం" అన్నారు. ఆ దిమ్మ మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటుంది. వాటి ధర ఎంతో మీకు నాకన్నా బాగా తెలుసు. ఎవరో దొంగతనం చేశారని నేను రాయడం లేదు. నా కారులో భాగం అది, ఎక్కడికి పోయిందో చెప్పే బాధ్యత మీదే.

చివరికి మేనేజర్ గారు, "ఇంత పాత కారుకు ఇంత గొడవ ఎందుకు సార్, స్క్రాప్‌కు ఇచ్చేయండి" అన్నారు. 15 ఏళ్లు నిండిన సొంత కారును పారేయమని చట్టం చెప్పలేదు. పరీక్ష చేసి, బాగుంటే ఐదేళ్లు నడుపుకోమంది. ఆ పరీక్ష ఉండాల్సిందేనని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. పాత బండ్ల వెనక బైకు మీద వెళ్లేటప్పుడు ఆ పొగ నేనూ పీల్చాను. నా కారు అలాంటిది కాకూడదనే ఇన్నేళ్లూ ఇంత ఖర్చు పెట్టాను. మీరు రెండు రోజుల్లో దాన్ని అలాంటి బండిగా మార్చారు.

చట్టం ముందు దోషిని నేనే అవుతాను, అది కూడా గమనించండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన తీరుకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. సెక్షన్ 182-ఎ(4) కింద అలాంటి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు పడొచ్చు. ఆ సెక్షన్ పట్టుకునేది యజమానిని. కన్వర్టర్ కోసింది మీ మనిషి, జవాబు చెప్పుకోవాల్సింది నేను.

రోజూ శ్రీకాళహస్తికి ఉద్యోగానికి వెళ్లి వచ్చే నేను 18 నుంచి ఈ కారు బయటికి తీయలేను. గడువు దాటాక నెలకు 500 రూపాయల చొప్పున ఆలస్య రుసుము కూడా పడుతుంది. మీకు అక్టోబరు 28న, నవంబరు 4న మెయిళ్లు పెట్టాను. రెండింటికీ 'మీ ఫిర్యాదు మాకు చేరింది' అన్న ఒకే యాంత్రిక సమాధానం వచ్చింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా ఫోన్ చేసి నమోదు చేయించాను.

నేను అడిగేది ఇది. నా కారుకు సరిపోయే అసలు కెటలిటిక్ కన్వర్టర్, లేదా అదే ప్రమాణం ఉన్న కొత్తది, మీ ఖర్చుతో తెప్పించి బిగించాలి. ఆ పని మీ తిరుపతి బ్రాంచిలో కాకుండా నేను చెప్పిన షెడ్డులో, నా కళ్ల ముందు జరగాలి. స్పేసర్ తీసేసి సెన్సర్‌ను దాని చోట పెట్టించాలి. పొల్యూషన్ టెస్టు పాసయ్యాకే పని పూర్తయినట్టు లెక్క. ఎగ్జాస్ట్ క్లీనింగ్ పేరుతో తీసుకున్న 1,800, రేణిగుంట షెడ్డులో నేను కట్టిన 1,200, రెన్యువల్ అయ్యేదాకా పడే ఆలస్య రుసుము తిరిగి ఇవ్వాలి. తీసిన భాగం ఏమైందో రాతపూర్వకంగా చెప్పాలి. సర్టిఫికెట్ 'తెప్పిస్తాం' అన్న మాట మీద విచారణ జరిపి, ఏం తేలిందో నాకు తెలియజేయాలి. ఆ బ్రాంచిలో 'ఎగ్జాస్ట్ క్లీనింగ్' బిల్లు పడిన మిగతా కార్ల యజమానులకు కూడా ఫోన్ చేసి చెప్పండి. వాళ్లలో చాలామందికి ఈ సంగతి ఇంకా తెలిసి ఉండదు.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా పేరూ హోదా ఉన్న మనిషి నుంచి జవాబు కావాలి. రాకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. జాబ్ కార్డు, బిల్లు, రెండు స్లిప్పులు, ఫొటోలు, షెడ్డు మెకానిక్ రాసిచ్చిన కాగితం సిద్ధంగా ఉన్నాయి. కోసిన కన్వర్టర్‌ను అలాగే కారులో ఉంచాను. మీ ఇంజనీర్ ఎవరైనా వచ్చి చూస్తానంటే, ఒక రోజు ముందు చెప్పండి, నేను సెలవు పెట్టి ఇంటి దగ్గరే ఉంటాను.

ఇట్లు,
లీనియా టీ-జెట్ యజమాని,
తిరుపతి