పాత రైఫిళ్లకు ఇక పాలిష్ చేయం: హనుమకొండ దుకాణం నుంచి ఒక మాట

ఈ వానాకాలం నుంచి మా దుకాణంలో పాత రైఫిళ్లకు బఫింగ్ (తిరిగే చక్రం మీద రుద్ది మెరుపు తేవడం), నల్లపూత పని బంద్. శుభ్రం చేయడం, తుప్పు ఆపడం, గుర్తులు చదివి చెప్పడం మాత్రం ఎప్పటిలాగే ఉంటాయి. "పైసలు తీసుకుని కొత్తదాని లెక్క చేయకపోతే నీ దగ్గరికి ఎందుకు రావాలె?" అని ఇద్దరు ముగ్గురు పటేళ్లు మొహం మీదే అడిగారు. అడగాల్సిన మాటే కాబట్టి కారణం రాస్తున్నా.

జగిత్యాల, ములుగు, మంచిర్యాల వైపు నుంచి పాత రైఫిల్ ఏది వచ్చినా, తెచ్చినవాళ్లు దాన్ని త్రీనాట్‌త్రీ అనే అంటారు. చూడ్డానికి అలాగే ఉంటుంది మరి. కానీ 303 మిలిటరీ బోరు (బోరంటే గొట్టం లోపలి వెడల్పు), మామూలు లైసెన్సు మీద దొరకదు. బ్రిటిష్‌వాళ్ల కాలం నుంచీ అంతే. మీ తాతగారు ఇచ్చిపోయింది చాలావరకు 315 స్పోర్టింగ్ రైఫిలే. బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో బ్రిటిష్ మిలిటరీ రైఫిల్ ఎన్‌ఫీల్డ్ నమూనా మీదే సివిలియన్ల కోసం చేసింది. మ్యాగజైన్, అంటే తూటాలు పెట్టే డబ్బా చూడండి: మిలిటరీదాంట్లో 10 తూటాలు పడతాయి, దీంట్లో 5.

అసలు మిలిటరీవి నా బల్ల మీదికి వస్తే డ్రిల్లుకో, ప్రదర్శనకో పెట్టినవే వస్తాయి. వాటి కథంతా బోల్ట్ (తూటాను లోపలికి నెట్టి మూసే ఇనుప కడ్డీ) పిడి వెనక, భుజానికి ఆనించే కర్ర బట్టు మొదలయ్యే చోట కుడివైపు ఇనుము మీద ఉంటుంది. కిరీటం, జీఆర్‌ఐ అనే రాజుగారి అక్షరాలు, ఇషాపూర్ పేరు, సంవత్సరం కనిపిస్తే బ్రిటిష్ కాలపు సరుకు. 2ఏ1 అని ఉంటే 7.62 బోరుది, 1962 చైనా యుద్ధం తర్వాత వచ్చింది. ఎఫ్‌టీఆర్ అని కొట్టి ఉంటే ఫ్యాక్టరీలో పూర్తిగా విప్పి బాగుచేసిందని అర్థం. డీపీ అని ఉంటే కవాతుకే. ఎంత నిగనిగలాడుతున్నా దాంట్లో తూటా పెట్టే ఆలోచనే వద్దు.

బఫింగ్ చక్రం ముందు అరగదీసేది ఈ గుర్తులనే. ఎమరీ కాగితం కూడా అంతే. లైసెన్సు పుస్తకంలోని నంబరు తుపాకీ మీద కనబడకపోతే రెన్యువల్‌కు వెళ్లినప్పుడు మీరే తిప్పలు పడతారు. 1959 ఆయుధాల చట్టం 8వ సెక్షన్ ప్రకారం గుర్తులు చెరపడం నేరం కూడా. ఆ మెరుపు కోసం మీరూ నేనూ ఠాణా మెట్లు ఎందుకు ఎక్కాలి?

ఇక శుభ్రం సంగతి. పాతకాలపు మిలిటరీ తూటా అడుగున మందు అంటించే క్యాపులో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది కాలాక గొట్టంలో ఉప్పు మిగులుతుంది. మన వానాకాలపు తేమను ఆ ఉప్పు పీల్చుకుంటుంది, తుప్పు లోపల్నుంచి మొదలవుతుంది. నూనెకు ఉప్పు కరగదు, నీళ్లకే కరుగుతుంది. అందుకే అలాంటి గొట్టంలో ముందు మరిగే నీళ్లు పోస్తాను, పూర్తిగా ఆరాకే నూనె. మిలిటరీలో పనిచేసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు, మిగతావాళ్లు మాత్రం నీళ్లు చూసి గుండె పట్టుకుంటారు. పుల్‌త్రూ (గొట్టం తుడిచే గుడ్డ కట్టిన తాడు) ఎప్పుడూ బోల్ట్ వైపు నుంచే వేయాలి, మూతి వైపు నుంచి రాపిడి పెడితే గురి చెడుతుంది. కర్రకు వార్నిష్ వద్దు, పచ్చి అవిసె నూనె అరచేత్తో పల్చగా రుద్దితే చాలు. వంటనూనె ఇనుముకు పూస్తే కొన్నాళ్లకు జిగురు కడుతుంది. ఆ జిగురు గీకడానికే నాకు సగం రోజు పోతోంది.

రెండు రైఫిళ్లు ఉన్నవాళ్లు ఒకే పళ్లెంలో విప్పకండి. బోల్ట్ మీది నంబరు, బాడీ మీది నంబరు కలవాలి. బోల్ట్ మారితే తూటా అడుగున ఉండాల్సిన సందు మారిపోతుంది, పేల్చేవాడి మొహానికే ప్రమాదం.

ఎన్నికలప్పుడు డిపాజిట్ చేసిన తుపాకులు తెచ్చుకున్నాక తోలు సంచిలోంచి వెంటనే తీయండి. తోలు చెమ్మ పట్టి ఉంచుతుంది, ఇనుప బీరువా దానికి తోడు. ఈ ఏడాది నా దగ్గరికి వచ్చిన తుప్పులో ఎక్కువ భాగం అలా వచ్చిందే.

బఫింగ్ ఆగడంతో నా రాబడి తగ్గింది, దాచేదేం లేదు. అందుకే శుభ్రం కూలి కొంచెం పెంచాను. రేటు పని మొదలుపెట్టకముందే చెబుతాను, నచ్చకపోతే తీసుకెళ్లిపోవచ్చు. లైసెన్సు పుస్తకం ఒరిజినల్ వెంట తేవాలి, జిరాక్సు చూసి తుపాకీ ముట్టుకోను. తెచ్చేముందు మ్యాగజైన్ తీసి, బోల్ట్ వెనక్కి లాగి, తూటా కూర్చునే గది ఖాళీగా ఉందో లేదో వేలు పెట్టి చూడండి. పాత ఇల్లు విప్పుతుంటే లైసెన్సు లేని తుపాకీ ఏదైనా దొరికితే నా దగ్గరికి కాదు, ముందు పోలీసులకు చెప్పండి.