స్తుతించమని చెప్పేవాళ్లు ఎలాగో కూడా చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లో ఒకరు మంచం పట్టినా, కన్నుమూసినా క్రైస్తవ కుటుంబాలకు తరచుగా వినబడే మాట "అన్నిటిలోనూ దేవుణ్ని స్తుతించండి" అని. మాట మంచిదే. డయాలసిస్ వార్డు బయట బెంచీ మీద కూర్చున్న మనిషి ఆ పని ఎలా చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు. పత్రికల భక్తి పేజీల్లోనూ ఆ వివరం అరుదు. రోగులనూ, దుఃఖంలో ఉన్న ఇళ్లనూ దర్శించే పనిలో ఉన్నవాళ్లం కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాం.

ముందు ఒంటి సంగతి. బైబిలులో ఏలీయా ప్రవక్త అరణ్యంలో బదరీ వృక్షం కింద కూలబడి చావు కోరుకున్నప్పుడు దేవుడు ఆయన్ను గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దూత లేపి నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లు చూపించి తినమన్నాడు. తిని మళ్లీ పడుకుంటే రెండోసారీ లేపి పెట్టాడు. 40 రోజుల ప్రయాణం ఆ తర్వాతే. అందుకని దుఃఖం ఉన్న ఇంటికి వెళ్లేటప్పుడు బైబిలుతో పాటు క్యారియరూ పట్టుకెళ్లాలి. మొదటి మూడు రోజులు అందరూ తెస్తారు. ఆదరణ కూటం (చావు జరిగిన ఇంటివాళ్లను ఓదార్చే ప్రార్థన కూడిక) అయిపోయి, బంధువులు బస్సెక్కాక ఆ ఇంట్లో పొయ్యి వెలిగించే ఓపిక ఉండదు. సంఘంలో ఏడు ఇళ్లవాళ్లు రోజుకొకరు చొప్పున పంచుకుంటే నెలాఖరు దాకా ఒక పూట భోజనం అందుతుంది. మెత్తటి పప్పన్నం, చారు, పెరుగన్నం చాలు. ఏడ్చి ఏడ్చి ఉన్న గొంతులో వేపుళ్లు దిగవు. "ఏమైనా కావాలా?" అని అడిగితే ఎవరూ కావాలనరు. "రేపు పన్నెండింటికి అన్నం తెస్తాం" అని చెప్పి వెళ్లాలి. ఆ ఇంటివాళ్లకు దేవుని మంచితనం మొదట ఆ గిన్నెలోనే అందుతుంది.

తర్వాత ఏడుపుకు చోటివ్వాలి. బైబిలులోని 150 కీర్తనల్లో సుమారు మూడోవంతు విలాపాలే. 13వ కీర్తన ఆరే వచనాలు, మొదటి రెండు వచనాల్లో "ఎన్నాళ్లు?" అని నాలుగుసార్లు దేవుణ్ని నిలదీసి, తర్వాత వేడుకుని, చివరి రెండు వచనాల్లో నమ్మకానికి వస్తుంది. రోజుకొకసారి గట్టిగా చదవడానికి ఇది సరిపోతుంది. 88వ కీర్తన అలా వెలుగులోకి తిరగదు, చీకటిలోనే ముగుస్తుంది. అదీ లేఖనమే. యెరూషలేము కూలిపోయాక పుట్టిన విలాపవాక్యాల గ్రంథంలో కృప గురించిన మాటలు మూడో అధ్యాయంలో వస్తాయి, నాలుగో అధ్యాయంలో ఆకలీ శిథిలాలూ మళ్లీ వస్తాయి. నిన్న నెమ్మదిగా ఉండి ఈ రోజు కుమిలిపోతున్నవాళ్లను విశ్వాసం తగ్గిందని అనకండి.

ఇక స్తుతించడానికి రోజువారీ సాధన. చావు జరిగిన ఇంట్లో మొదటి కొన్ని వారాలు దీని ఊసెత్తొద్దు. ఆ తర్వాత, రాత్రి పడుకోబోయే ముందు ఐదు నిమిషాలు. మొదట్లోనే అరగంట పెట్టుకుంటే అలసిన మనిషి వారానికే మానేస్తాడు. ఫోను పక్కన పెట్టి, లేచినప్పటి నుంచి రోజంతా వరసగా తలుచుకోవాలి: పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, పూటకో నిమిషం. కంటికో, చెవికో, ముక్కుకో, నాలుకకో తగిలిన మంచి ఒక్కటి పట్టుకుని నోటుబుక్కులో తేదీ వేసి ఒక వాక్యం రాయాలి. "ప్రభువా, ఇది నీ దగ్గరి నుంచి వచ్చింది" అని చెప్పి లైటు తీసేయాలి. 16వ శతాబ్దంలో కతోలిక గురువు ఇగ్నేషియస్ లొయోలా నేర్పిన ఆత్మపరిశీలన కూడా కృతజ్ఞతతోనే మొదలవుతుంది.

రాసేది ఈ రోజుదే అయి ఉండాలి. "ఆరోగ్యం ఇచ్చావు, కుటుంబాన్ని ఇచ్చావు" అని రాస్తే నాలుగో రోజుకు అవే మాటలు తిరిగొచ్చి విసుగు పుడుతుంది. "నాన్న నిద్ర చెడకుండా నర్సమ్మ దుప్పటి మార్చింది", "కిటికీలోంచి వేపపూత వాసన వచ్చింది" అన్నవి ఎండిపోవు. ఏమీ దొరకని రోజు "ఏమీ కనబడలేదు" అనే రాయాలి. కల్పించి రాస్తే, తర్వాత తిరగేసినప్పుడు నిజమైనవాటి మీద కూడా నమ్మకం పోతుంది.

మంచానికే పరిమితమైనవాళ్లకూ, వాళ్లను కనిపెట్టుకుని ఉన్నవాళ్లకూ పగలూ రాత్రీ ఒకటైపోతాయి. వాళ్లకు కనబడే చోట చంద్రకాంత మొక్క పెట్టమని చెబుతాం. పది అంగుళాల కుండీ, నీళ్లు నిలవని మట్టి, అర అంగుళం లోతున మూడు గింజలు. మొలిచాక బలమైనదొకటి ఉంచి మిగతావి తీసేయాలి. రెండు మూడు నెలల్లో పూస్తుంది. ఎండ చాలకపోతే ఆకులు ఏపుగా వస్తాయి గానీ పూలు రావు. సాయంత్రం నాలుగు దాటాక విచ్చుకుని, మర్నాడు ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది. రోగికి ఎదురుచూడటానికి ఒక వేళ ఏర్పడుతుంది. చింతించవద్దని చెబుతూ యేసు ప్రభువు అడవిపువ్వులను చూపించిన సంగతి మనకు తెలుసు. గింజలూ వేళ్లూ తింటే విషం, పసిపిల్లలకు అందనివ్వకండి.

ఈ సాధన చెడేది ఎక్కువగా మన మాటల వల్లే. "వాళ్లకన్నా మనం నయం" అని స్తుతించడం పక్కవాడి కష్టం మీద కట్టిన స్తుతి. స్తుతిస్తే జబ్బు నయమవుతుందని ఆశ పెడితే, స్కానింగు రిపోర్టు బాగా రాని రోజున నోటుబుక్కుతో పాటు ప్రార్థనా పోతుంది. ఆదరణ కూటంలో భర్తను పోగొట్టుకున్న ఆడమనిషిని నిలబెట్టి సాక్ష్యం చెప్పమనడం దయచేసి మానండి. "దేవుడు ప్రేమించాడు కాబట్టి తీసుకున్నాడు" అని పిల్లలతో అనకండి. దేవుడు తమను ప్రేమిస్తున్నాడని వినగానే వాళ్లు భయపడతారు. బైబిలులో బిడ్డలనూ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు దగ్గరకు వచ్చిన స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద మౌనంగా కూర్చున్నారు. వాళ్లు తప్పు చేసింది నోరు తెరిచాకే.

ఇంకొకటి. రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి లేక, దేని మీదా మనసు పోకుండా ఉంటే ఆ మనిషిని డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి. చచ్చిపోవాలని అంటే రెండు వారాలు ఆగొద్దు, ఒంటరిగా వదలకుండా వెంటనే తీసుకెళ్లాలి. డిప్రెషన్‌లో చూడాలన్నా మంచి కనబడదు. అది విశ్వాసలోపం కాదు. ఉపవాస ప్రార్థన పెట్టుకోండి, మందులు మాత్రం మాన్పించకండి.

మీ భక్తి పేజీలో వారానికొకసారి ఇలాంటి ఒక చిన్న సాధనకు, అది ఏ మతానిదైనా సరే, నాలుగు వాక్యాల చోటివ్వమని మనవి. దాని కిందే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోను సహాయం, టెలిమానస్ నంబరు 14416 వేయండి. 24 గంటలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

– రోగులను దర్శించే ఒక ప్రార్థన బృందం, గుంటూరు