గిటారుకి వీణ పోలిక కుదరదండి

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్నటి ఆదివారం సంగీతం నేర్చుకునే పిల్లల కోసమని మీరు వేసిన వ్యాసం చదివాను. అంతా బాగానే ఉంది గానీ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. బొబ్బిలి వీణకి పనస చెక్క వల్ల తీపి వచ్చినట్టే ఎలక్ట్రిక్ గిటారుకి మహాగని చెక్క వల్ల నిండైన నాదం వస్తుందని, అందుకని కాస్త ఖర్చయినా చెక్క చూసి కొనమని రాశారు. నేను రాజోలు దగ్గర వడ్రంగిని. ఆదివారాలు చర్చిలో, ముహూర్తాల రోజుల్లో ఆర్కెస్ట్రాలో గిటారు వాయిస్తాను. పైగా మీరు రాసిన ఈ మాటే పదేళ్ల పాటు ఊరంతా చెప్పి తిరిగినవాణ్ని. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు వీణ సంగతి చూడండి. ఏకాండి వీణంటే ఒకే పనస దుంగని తొలిచి గుండ్రటి కుండా పొడవాటి దండీ కలిపి తీస్తారు. కుండ మీద పల్చటి పలక మూస్తారు, ఆ పలక మీద గుర్రం, అంటే తీగలు ఆనే బ్రిడ్జి, కూర్చుంటుంది. తీగ మీటగానే గుర్రం కదులుతుంది, గుర్రం కింది పలకని కదుపుతుంది, పలక గాలిని కదుపుతుంది, మన చెవికి వచ్చేది ఆ గాలే. అంటే మనం వింటున్నది చెక్క ఊగడాన్ని. పలక మందం కొంచెం అటూ ఇటూ అయినా, చెక్క సరిగా ఆరకపోయినా నాదం మారిపోతుంది. అక్కడ చెక్కే ప్రాణం, కాదన్నవాడికి వీణ తెలియదు.

ఎలక్ట్రిక్ గిటారులో అదేం లేదండి. ఒళ్లంతా గట్టి చెక్క, లోపల బోలు లేదు. ఆంప్ (శబ్దం పెంచే పెట్టె) పెట్టకుండా వాయిస్తే పక్కగదిలో వాళ్లకి కూడా వినపడదు. తీగల కింద పికప్ ఉంటుంది, అయస్కాంతాల చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగని వేల చుట్లు చుట్టి చేస్తారు. పైన ఉక్కు తీగ కదిలితే ఈ రాగి చుట్లలో కరెంటు పుడుతుంది, ఆ కరెంటే కేబుల్ లోంచి ఆంప్‌కి పోతుంది. పికప్ మైకు కాదు, దానికి చెవి లేదు, ఎదురుగా ఉన్న ఉక్కు ఎలా కదులుతోందో అదొక్కటే దానికి తెలుసు. నమ్మకం కుదరకపోతే ఉక్కు తీగలు విప్పేసి నైలాన్ తీగలు కట్టి చూడండి, బర్మా టేకైనా మహాగనైనా ఆంప్ నోరు మెదపదు.

మరి గిటారు ఒంటి మీద వేలితో తడితే ఆంప్‌లో టక్‌మని వినపడుతుంది కదా అంటారు. నేనూ ఇన్నాళ్లూ అదే చూపించి జనాన్ని నమ్మించాను! అరచేత్తో తీగలన్నీ గట్టిగా అదిమి పట్టి మళ్లీ తట్టండి, ఆ శబ్దం చాలావరకు చచ్చిపోతుంది. కదిలింది తీగలన్నమాట. ఇంకా కొంచెం మిగిలితే అది ఎక్కువగా పికప్ లోపలి చుట్లు వదులై ఊగడం. అలా ఊగకుండా ఉండాలనే వాటిని కరిగిన మైనంలో ముంచి తీస్తారు. వీణ మెట్లకీ మైనమే, పికప్‌కీ మైనమే, ఈ రెండింటికీ చుట్టరికం ఏదన్నా ఉంటే అక్కడ ఉంది.

ఇంత కోపం ఎందుకొచ్చిందో కూడా చెబుతాను. మా చర్చిలో గిటారు నేర్చుకుంటున్న కుర్రాడొకడు రెండేళ్లు డబ్బులు కూడబెట్టి సిటీలో ఒక షాపులో గిటారు కొన్నాడు. మహాగని బాడీ అని చెప్పి వాడి దగ్గర ఎనిమిది వేలు ఎక్కువ తీసుకున్నారు. మూడు నెలలు వాడి ఆనందం చెప్పనలవి కాదు, "ఆ వెచ్చదనం చూడు బాబాయ్, చెక్క మహిమ" అని ప్రతి ఆదివారం అనేవాడు. ఒకరోజు వాల్యూమ్ తిప్పితే గరగరమంటోందని నా దగ్గరికి తెచ్చాడు. గిటారు ముందు వైపు ఉండే ప్లాస్టిక్ రేకు, పిక్‌గార్డ్, విప్పాను. లోపల రంగు పడని చోట పొర మీద పొర, పొర మీద పొర, శుభ్రమైన ప్లైవుడ్డు. నేను మాట్లాడలేదు, వాడే వంగి చూశాడు. "ఇది మహాగనేనా బాబాయ్?" అన్నాడు. కాదురా అన్నాను. వాల్యూమ్ బాగుచేసి మళ్లీ బిగించి ఇచ్చాక రెండు కార్డులు వాయించి, సౌండ్ పల్చగా ఉంది అన్నాడు! అవే తీగలు, అదే పికప్, అదే ఆంప్. మూడు నెలలు వాడి చెవిని మురిపించిన గిటారే అది. షాపు వాడు చేసింది మోసమే, అందులో రెండో మాట లేదు. కానీ ఆ మోసం చెవికి దొరక్కుండా స్క్రూడ్రైవర్‌కి దొరికిందంటే ఏమనుకోవాలి?

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా గిటారు ఒంటిని నేనే పాత పెంకుటింటి దూలం టేకుతో చేసుకున్నాను, చేవ ఉన్న చెక్క, చిత్రిక పడుతుంటే ఇప్పటికీ వాసన వచ్చేది, అందుకే దాని నాదం అలా ఉందని అందరికీ చెప్పుకునేవాణ్ని. పొద్దున్నే లేచి షెడ్డులో పడున్న మామిడి చెక్క తీశాను. కాంక్రీటు పోసేటప్పుడు సెంట్రింగుకి వాడే రకం, ఎవరూ దాన్ని చెక్కగా లెక్కెయ్యరు. అదే కొలతకి కోసి, మెడ నాలుగు స్క్రూలు విప్పి దానికి బిగించి, పికప్‌లు, బ్రిడ్జి అన్నీ మార్చాను. తీగలు రెండుసార్లూ ఒకే రకం కొత్త సెట్టు, తీగకీ పికప్‌కీ మధ్య దూరం స్కేలు పెట్టి సరిచూశాను, ఆంప్ బటన్లు ముట్టుకోలేదు. టేకు మీద, మామిడి మీద ఒకే పాట ఒకేలా వాయించి ఫోన్‌లో రికార్డు చేశాను. మా బావ, కీబోర్డు వాయించే అబ్బాయి, తబలా ఆయన, ఇంకో ఇద్దరు విన్నారు. ఒక్కొక్కరు ఒక్కోటి చెప్పారు. నాలుగు రోజులాగి మా ఆవిడ చేత ఏది ముందో ఏది వెనకో తెలియకుండా పెట్టించుకుని నేనూ విన్నాను. మామిడిని టేకన్నాను, సిగ్గుగా ఉంది గానీ నిజం.

ఆ తర్వాత సరదాకి పికప్ స్క్రూ రెండు చుట్లు తిప్పి తీగలకి దగ్గర చేసి మళ్లీ వాయించాను. తబలా ఆయన వెంటనే "ఆయ్, ఇది వేరే గిటారు కదండీ" అన్నారు.

చెక్కకి అసలు సంబంధమే లేదని నేననడం లేదు. తీగ ఊపులో కొంత మెడలోకీ ఒంట్లోకీ పోతుంది, అందుకే కొన్ని గిటార్లలో ఫలానా చోట ఒక స్వరం తొందరగా ఆరిపోతుంది, అందులో ఎక్కువ పాత్ర మెడదే. లోపల బోలుగా ఉండే గిటార్ల లెక్క కూడా వేరు, గట్టిగా పెడితే అవి కూతపెడతాయి. కానీ ఆ ఉన్న కాస్త తేడా పికప్ ఎత్తు, తీగల మందం, ఆంప్, స్పీకరు ముందు ఏ మూలకి వస్తుంది? డ్రమ్సూ కీబోర్డూ కలిశాక ఇంకేం మిగులుతుంది?

చరిత్ర చూసినా అంతే. 1932లో అమ్మకానికి వచ్చి నిలదొక్కుకున్న మొదటి ఎలక్ట్రిక్ గిటారుకి చెక్కే లేదు, పోత పోసిన అల్యూమినియం. జనం దాన్ని పెనం అని పిలిచేవారు. స్టేజి లైట్ల వేడికి సాగి శ్రుతి తప్పడం దాని జబ్బు గానీ నాదం కాదు. అమెరికా గిటారు విద్వాంసుడు లెస్ పాల్ 1940 ప్రాంతంలో నాలుగంగుళాల పైన్ దూలం ముక్కకి తీగలు కట్టి వాయించాడు, చూసేవాళ్లకి గిటారులా కనపడాలని తర్వాత అటూ ఇటూ రెక్కలు తగిలించాడు. క్వీన్ బ్యాండులో గిటారు వాయించే బ్రయాన్ మే 1963లో వాళ్ల నాన్నతో కలిసి మొదలుపెట్టి చేసుకున్న గిటారుకి మెడ పాత నిప్పుగూటి చెక్క, ఒంటికి ఓక్ ముక్కా చుట్టూ బ్లాక్‌బోర్డూ, పైన పల్చటి మహాగని పొర. బడిలో నల్లబల్ల కాదు, చెక్క ముక్కలు అతికి చేసే పలక, మేం బీరువా తలుపులకి వాడే బ్లాక్‌బోర్డండీ! అమెరికా ఫెండర్ కంపెనీ తన స్ట్రాటోకాస్టర్ గిటారుని 1954లో యాష్ చెక్కతో మొదలుపెట్టి రెండేళ్లకే ఎక్కువగా ఆల్డర్‌కి మారింది. ఈమధ్య అమెరికాలో ఒక పురుగు యాష్ చెట్లని తినేస్తుంటే, 2020లో మామూలు మోడళ్లలో ఆ చెక్క చాలావరకు మానేస్తామని చెప్పింది.

వడ్రంగిగా చెక్క విలువ నాకు వేరే చోట తెలుసు. ఐదు గంటల ప్రోగ్రాంలో నాలుగు కిలోల గిటారు భుజాన వేసుకుంటే చెక్క బరువు తెలుస్తుంది. మా వర్షాకాలం తేమకి పచ్చి చెక్క వంపు తిరుగుతుంది, మెత్తటి చెక్కలో స్క్రూ పట్టు వదిలేస్తుంది. అందుకని బాగా ఆరిన చెక్క కావాలి, మెడ తిన్నగా ఉండాలి. అంతర్వేది వైపు వాయించేవాళ్లకి ఉప్పుగాలికి తీగలు నెల తిరక్కుండా తుప్పు పడతాయి. చెక్క కోసం ఎక్కువ పెట్టే ఎనిమిది వేలతో ఎన్ని సెట్ల తీగలు వస్తాయో, మంచి పికప్ ఎన్ని వస్తాయో పిల్లలకి రాయండి. గట్టు మీద మహాగని మొక్కలు వేసిన మా మావయ్య మీ వ్యాసం చదివి గిటార్ల కంపెనీ వాళ్లు వెతుక్కుంటూ వస్తారని చూస్తున్నాడు, ఆయనకి నేను సర్దిచెప్పుకుంటాను.

మిగతా వ్యాసంతో నాకు పేచీ లేదు. ఆ వీణ పోలిక ఒక్కటీ తప్పని, వీలైతే వచ్చే ఆదివారం రెండు లైన్ల సవరణ వేయండి. మా చర్చి కుర్రాడు మీ పేపరు కట్ చేసి గిటారు బ్యాగులో పెట్టుకుని తిరుగుతున్నాడు.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక వడ్రంగి
రాజోలు దగ్గర, కోనసీమ