నా సంగీతం లైబ్రరీ పోయింది, నా ఫిర్యాదు వినే మనిషి మీ కంపెనీలో దొరకలేదు

విజయనగరం

కస్టమర్ సపోర్ట్ విభాగం అధిపతి గారికి, గ్రీవెన్స్ (ఫిర్యాదుల) ఆఫీసర్ గారికి

విషయం: పాటలు దాచుకుని వినే మీ సాఫ్ట్‌వేర్‌కి కొత్త వెర్షన్ వచ్చాక నా ప్లేలిస్టులు పోవడం, దాని మీద పెట్టిన ఫిర్యాదులను పరిష్కరించకుండానే మూసేయడం గురించి.

అయ్యా/అమ్మా,

ఈ ఉత్తరాన్ని ఈమెయిల్‌లోనూ, రిజిస్టర్డ్ పోస్టులోనూ పంపుతున్నాను. ఈమెయిల్ పెడితే మీ నుంచి వచ్చేది ఆటోమేటిక్ జవాబే. పోస్టులో వచ్చిన కవరునైనా ఎవరో ఒక మనిషి చింపి చదువుతారని ఆశ.

సాఫ్ట్‌వేర్ అన్నాక లోపాలు వస్తాయి, ఆ మాత్రం నాకూ తెలుసు. నెలల తరబడి చెబుతున్నా ఒక్కరూ పూర్తిగా వినకపోవడం, విన్నట్టు నటించి టికెట్ (నా ఫిర్యాదుకి మీరిచ్చే నంబరు) మూసేయడం, అదీ నేను భరించలేకపోతున్నది.

నేను సంగీతం టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. మా ఊళ్లో 1919లో మహారాజావారు పెట్టిన సంగీత కళాశాల ఉంది. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామినాయుడు గారు అక్కడే వయొలిన్ నేర్పారు, ఘంటసాల గారు అక్కడే చదువుకున్నారు. ఇలాంటి ఊళ్లో ప్రతి పాత ఇంట్లోనూ ఒక అట్టపెట్టె నిండా క్యాసెట్లు ఉంటాయి. మా నాన్నగారు విజయవాడ రేడియోలో వచ్చే భక్తిరంజనినీ, కచేరీలనూ టేపు రికార్డరు రేడియోకి ఆనించి రికార్డు చేసేవారు. నా గురువుగారు నాకు చెప్పిన పాఠాలు వేరే క్యాసెట్లలో ఉన్నాయి. ఆయన ఇప్పుడు లేరు. ఆ గొంతు ఇంకెక్కడా దొరకదు. ఇవన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, మీ సాఫ్ట్‌వేర్‌లో అమర్చుకున్నాను.

ఎలా అమర్చుకున్నానో మీవాళ్లలో ఒక్కరూ వినలేదు కాబట్టి ఇక్కడ చెబుతాను. ప్రతి ఫైలుకీ రాగం ఒక గడిలో, తాళం ఒక గడిలో, శ్రుతి ఒక గడిలో తెలుగులోనే రాసుకున్నాను. ఇంగ్లిష్‌లో రాస్తే కల్యాణిని ఒకచోట ఒక ఎ తోనూ, ఇంకోచోట రెండు ఎ లతోనూ రాస్తారు, వెతికితే సగం పాటలు రావు. తెలుగులో ఆ బాధ లేదు. కామెంట్ గడిలో పాఠానికి కావలసిన వివరాలు ఉండేవి. ఒక ఫైలు దగ్గర ఇలా ఉండేది: "ఐదున్నర శ్రుతి. అనుపల్లవి మూడో సంగతి గురువుగారు రెండోసారి పాడింది సరైనది. చరణం మధ్యలో టేపు నలిగింది, నిడివి సరిచేయకూడదు." (సంగతి అంటే పాటలో ఒకే పంక్తిని కొంచెం మార్చి పాడే తీరు.) మోహన రాగానికీ బిళహరికీ ఆరోహణ, అంటే స్వరాలు పైకి వెళ్లే వరస, ఒకటే; తేడా తెలిసేది కిందికి దిగే అవరోహణలో. అది పిల్లల చెవికి పట్టాలని రెండు రాగాల్లోవీ ఒకదాని తర్వాత ఒకటి వచ్చేలా చేత్తో వరస పెట్టిన ప్లేలిస్టు ఉంది. ఆరభికీ దేవగాంధారికీ అలాంటిదే ఇంకొకటి. ఆ వరసే పాఠం. వరస చెదిరితే అది పాటల గుట్ట మాత్రమే.

కొత్త వెర్షన్ అప్‌డేట్ అయిన రోజు, నన్ను ఒక్క మాట అడగకుండా మీ సాఫ్ట్‌వేర్ ఫైళ్లన్నిటినీ కళాకారుల పేర్లతో కొత్త ఫోల్డర్లలోకి మార్చేసింది. ఇంటర్నెట్‌లో వెతికి దొరికిన పేర్లను నా తెలుగు పేర్ల మీద రాసేసింది. గురువుగారి పాఠాలు "అన్‌నోన్ ఆర్టిస్ట్" అయ్యాయి. రాగం ఉన్న గడిలో "వరల్డ్" అని వచ్చింది. నేను విడిగా దాచుకున్న ప్లేలిస్టు ఫైళ్లు కూడా పనికి రాకుండా పోయాయి. వాటిలో ఉండేది పాట కాదు, పాట ఏ ఫోల్డర్‌లో ఉందో ఆ అడ్రసు. ఫోల్డర్లు మీరు మార్చేశాక ఆ అడ్రసుల్లో ఏమీ లేదు.

ఇంతవరకు జరిగింది లోపం. దీని తర్వాత జరిగింది మాత్రం మీ నిర్లక్ష్యం.

ముందు సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్న చాట్‌లో అడిగాను. పేమెంట్ సమస్యా, పాస్‌వర్డ్ సమస్యా, పాట ప్లే అవ్వడం లేదా, ఇతరమా అని అడిగింది. ఇతరం నొక్కితే ఒక వ్యాసం చూపించింది. ఉపయోగపడిందా అంటే లేదు అన్నాను. మళ్లీ అదే వ్యాసం చూపించింది.

ఈమెయిల్ రాశాను. "డియర్ సర్" అంటూ జవాబు వచ్చింది. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేయండి, కాష్ క్లియర్ చేయండి, కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి అన్నారు. అవన్నీ చేసి, స్క్రీన్‌షాట్లు జతచేసి, నేను స్త్రీని అని కూడా చెప్పి మళ్లీ రాశాను. ఈసారి ఇంకో పేరుతో జవాబు. మళ్లీ "డియర్ సర్", మళ్లీ అవే మూడు సలహాలు, చివర్లో స్క్రీన్‌షాట్లు పంపగలరా అని ఒక ప్రశ్న. నా ఉత్తరం కిందే ఆ స్క్రీన్‌షాట్లు ఉన్నాయి. అదే ఈమెయిల్‌లో కాస్త కిందికి జరిపితే కనిపిస్తాయి. అంత మాత్రం కూడా చూడలేదు.

మీ ఫోన్ నంబరు మీ వెబ్‌సైట్‌లో ఎక్కడుందో వెతికి పట్టుకోవడమే ఒక పని. లైన్ దొరికాక చాలాసేపటికి ఒక అబ్బాయి మాట్లాడాడు. మర్యాదగానే మాట్లాడాడు, అతని మీద నాకు కోపం లేదు. నేను మొదటి నుంచీ చెప్పాను. అంతా అయ్యాక అన్నాడు: "మేడమ్, కంప్యూటర్‌లో ఎందుకండీ, పాటలన్నీ మా ప్రీమియంలో ఉన్నాయి. మీకు మూడు నెలలు ఫ్రీ ఇస్తాను."

"బాబూ, ఇవి మా గురువుగారు నాకు చెప్పిన పాఠాలు. మీ దగ్గర ఉండవు" అన్నాను.

"పేరు స్పెల్లింగ్ చెప్పండి మేడమ్, సెర్చ్ చేస్తాను."

చెప్పాను. కీబోర్డు చప్పుడు వినిపించింది. "దొరకట్లేదు మేడమ్. వేరే ఆర్టిస్ట్ పేరు చెప్పండి" అన్నాడు.

ఆ మాటకు నాకు కళ్ల నీళ్లు తిరిగాయి. మీకు పాట అంటే పాట, ఒకటి లేకపోతే ఇంకొకటి. అతనికి అలా నేర్పింది మీరే కాబట్టి ఈ మాట మీకు రాస్తున్నాను. తర్వాత టెక్నికల్ టీమ్‌కి కలుపుతున్నాను అన్నాడు, లైన్ కట్ అయింది. తిరిగి ఎవరూ చేయలేదు.

కొన్నాళ్లకి ఈమెయిల్ వచ్చింది: మీ నుంచి స్పందన లేనందున టికెట్ మూసివేస్తున్నాం, మా సేవకి ఎన్ని స్టార్లు ఇస్తారు అని. స్పందన లేనిది నా నుంచా? మళ్లీ తెరిపించాను. కొత్త నంబరు ఇచ్చారు, కథ మొదటికొచ్చింది. ఎవరికి చెప్పినా మొదటి నుంచీ చెప్పాల్సిందే, ఎందుకంటే మీ దగ్గర ముందు రాసుకున్నది తర్వాతివాళ్లు చదవరు.

చివరికి ఒక టెక్నీషియన్ నా కంప్యూటర్‌ని తన దగ్గర నుంచే ఆపరేట్ చేస్తానన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. స్క్రీన్ మీద బాణం గుర్తు దానంతట అదే కదులుతోంది, నేను పక్కన కూర్చుని చూస్తున్నాను. సెట్టింగ్స్‌లోకి వెళ్లి లైబ్రరీ రీసెట్ అన్న బటన్ నొక్కాడు. "అయ్యో, ఆగండి" అనేలోపే "ఖచ్చితంగా తొలగించాలా?" అన్నదానికి అవును అని కూడా నొక్కేశాడు. అప్పటికి ఇంకా మిగిలి ఉన్న కాసిని ప్లేలిస్టులూ పోయాయి. "ఇప్పుడు ఎర్రర్ రావట్లేదు చూడండి మేడమ్" అన్నాడు. లైబ్రరీలో ఏమీ లేకపోతే ఎర్రర్ ఎక్కడి నుంచి వస్తుంది? ఆ సాయంత్రమే టికెట్ "పరిష్కరించబడింది" అని మెసేజ్ పంపారు. మీ రికార్డుల్లో నా సమస్య ఈ రోజుకీ పరిష్కారమైనట్టే ఉంది.

సూపర్‌వైజర్ ఫోన్ చేస్తారన్నారు, చేయలేదు. సోషల్ మీడియాలో మీ పేజీ కింద రాస్తే వెంటనే ఎంతో బాధపడుతూ జవాబు ఇచ్చారు. విడిగా మెసేజ్ పెట్టమన్నారు. పెడితే టికెట్ నంబరు అడిగారు. ఇస్తే అది మూసేసిన టికెట్ అన్నారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఎంతకాలం ఊదాలి?

మీ కంపెనీ ఎప్పుడూ ఇలాగే ఉండేదా అంటే, లేదు. మీరు చిన్న కంపెనీగా ఉన్నప్పుడు డబ్బు కట్టి లైఫ్‌టైమ్ లైసెన్స్ కొన్నాను. అప్పట్లో తెలుగు ఒత్తులు విడివిడిగా కనిపించేవి, అక్షర క్రమంలో క్ష ఎక్కడికో పోయేది. ఏ అక్షరం ఎలా ఉండాలో కాగితం మీద రాసి, ఫొటో తీసి పంపాను. మర్నాటి ఉదయానికల్లా మీ ఇంజినీరు ఒకరు స్వయంగా జవాబు రాశారు. తర్వాతి వెర్షన్‌లో సరిచేశారు. అది చూసి నా శిష్యులందరి చేతా, మా సంగీత సభలో తెలిసినవాళ్లందరి చేతా మీ సాఫ్ట్‌వేరే కొనిపించాను. ఉచితంగా దొరికేవి ఎన్నో ఉన్నా, పిల్లలు ఎగతాళి చేసినా మారలేదు. ఈ రోజు మీ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు పేర్లు సరిగ్గా కనిపిస్తున్నాయంటే అందులో నా పాలు కొంత ఉంది. అలాంటి మనిషికి మీరిచ్చిన విలువ మూడు నెలల ఫ్రీ ప్రీమియం.

ఇంతకన్నా బాధ కలిగించే విషయం ఒకటుంది. దీనికి పరిష్కారం ఉంది, అది మీ చేతిలోనే ఉంది. అప్‌డేట్‌కి ముందటి ఆడియో ఫైళ్లన్నీ, పాత లైబ్రరీ ఫైలుతో సహా, నా దగ్గర వేరే హార్డ్ డిస్క్‌లో భద్రంగా ఉన్నాయి. పాత వెర్షన్ ఇన్‌స్టాలర్ కూడా ఉంది. ఆ లైబ్రరీ ఫైలుని కొత్త వెర్షన్ చదవలేదు, పాత వెర్షనే చదవగలదు. పాతది వేసుకుంటే, మీ సర్వరు నా లైసెన్స్‌ని ఒప్పుకోకుండా "ఈ వెర్షన్‌కు సపోర్ట్ ముగిసింది" అంటోంది. ఆ లైసెన్స్‌ని పాత వెర్షన్‌కి ఒక్కసారి యాక్టివేట్ చేస్తే చాలు, మిగతాదంతా నేను చూసుకుంటాను. ఈ సంగతి ప్రతి ఈమెయిల్‌లోనూ రాశాను, ఫోన్ ఎత్తిన ప్రతి ఒక్కరికీ చెప్పాను. కుదరదని కూడా ఎవరూ అనలేదు. అసలు ఆ వాక్యం దాకా ఎవరూ చదవలేదు. లైఫ్‌టైమ్ అంటే ఎవరి జీవితకాలమో అడిగితే, షరతులు చూసుకోండి అంటూ ఒక లింకు పంపారు.

మా అమ్మాయి లాయరు దగ్గరికి వెళ్దాం అంటోంది. నాకు లాయరు అవసరం లేదు, చట్టం నేనూ చదువుకున్నాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను నివసించే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయవచ్చు, మీ ఆఫీసు ఏ నగరంలో ఉన్నా సరే. నా కేసుని నేనే వాదించుకోవచ్చు. ఐదు లక్షల లోపు కొనుగోలుకి ఫీజు కూడా ఉండదు. 2020 ఈ-కామర్స్ నిబంధనలు ఆన్‌లైన్‌లో అమ్మే డిజిటల్ వస్తువులకీ వర్తిస్తాయి. వాటి ప్రకారం గ్రీవెన్స్ ఆఫీసర్ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. మీ వెబ్‌సైట్‌లో ఉన్న గ్రీవెన్స్ ఆఫీసర్ అడ్రసుకి రాసిన ఉత్తరానికి ఈ రోజు దాకా జవాబు లేదు.

మీ ఏజెంట్లు నాకు పంపిన ప్రతి ఈమెయిల్, ప్రతి చాట్ దాచి ఉంచాను, తేదీల వారీగా. ఫోల్డర్లలో సర్దడం నాకు బాగా వచ్చిన పని. ఈ ఉత్తరం అందిన నెలలోగా ఎవరైనా తన సొంత పేరుతో, నేను రాసింది చదివి, నాకు ఫోన్ చేయాలి. పాత వెర్షన్‌కి లైసెన్స్ తెరవాలి. నా కంప్యూటర్‌లో లైబ్రరీని చెరిపేసింది మీ టెక్నీషియనే అని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఆ "పరిష్కరించబడింది" అన్న మాటను మీ రికార్డుల్లోంచి తీసేయాలి. ఫ్రీ ప్రీమియం గురించి మళ్లీ ఎవరూ నా దగ్గర ఎత్తకూడదు.

ఇవి జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, వాళ్లు తెలుగులో వింటారు. అక్కడితో ఆగను. జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను, నష్టపరిహారం కూడా అడుగుతాను. ఎంత అడగాలో ఇంకా తేల్చుకోలేదు, ఎందుకంటే గురువుగారి పాఠాలకి ధర కట్టడం నాకు చేతకావడం లేదు. మీ సాఫ్ట్‌వేర్ కొనిపించిన శిష్యులందరికీ ఈ ఉత్తరం నకలు పంపుతున్నాను. వాళ్లలో చాలామంది ఇప్పుడు తామే టీచర్లు. ఏ సాఫ్ట్‌వేర్ కొనమని వాళ్ల పిల్లలకు చెప్పాలో వాళ్లే నిర్ణయించుకుంటారు.

ఇట్లు,
మీ పాత వినియోగదారు,
సంగీతం టీచరు (రిటైర్డ్), విజయనగరం

జతచేసినవి: లైసెన్స్ రసీదు నకలు, మీతో జరిగిన ఈమెయిళ్లు, చాట్‌ల ప్రతులు, ముందు పంపిన స్క్రీన్‌షాట్లే మళ్లీ.