బ్రాంచి మార్పుకు మొత్తం మార్కులే కొలమానమా?

సంపాదకులకు,

ఇంజినీరింగ్‌లో చేరాక బ్రాంచి మారాలనుకునే విద్యార్థికి చాలా విశ్వవిద్యాలయాల్లో ఉన్న దారి ఒక్కటే. మొదటి ఏడాది సగటు గ్రేడును బట్టి వరుస కడతారు, ఉన్న ఖాళీలను పై నుంచి పంచుతారు. నేను ఎలక్ట్రికల్ విభాగంలో సర్క్యూట్ల పాఠం చెబుతాను. మారి వచ్చినవారినీ, మారలేక మిగిలిపోయినవారినీ ఏటా చూస్తుంటాను. ఈ పద్ధతిలో పక్షపాతానికి చోటు లేదన్న మాట ఒప్పుకుంటాను. కానీ అవసరం ఉన్నవారికి అది అందడం లేదు.

మొదటి ఏడాది అందరికీ దాదాపు ఒకే పాఠాలు: గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, కొంత ప్రోగ్రామింగ్, ఇంజినీరింగ్ డ్రాయింగ్. అన్నింటా ముందున్న విద్యార్థి ఏ బ్రాంచిలో ఉన్నా నెగ్గుకొస్తాడు. మెకానికల్‌లో చేరిన ఒక అమ్మాయికి ప్రోగ్రామింగ్‌లో, గణితంలో మంచి గ్రేడులే వచ్చాయి. డ్రాయింగ్ మాత్రం సగటును కిందికి లాగింది. కోరుకున్న కంప్యూటర్ సైన్స్ సీటు కొద్దిలో తప్పిపోయింది. అక్కడికి వెళ్లి ఉంటే ఆ డ్రాయింగ్ బల్ల ముఖం మళ్లీ చూడనక్కర్లేదు! అదే జాబితాలో సీటు దక్కిన ఒక అబ్బాయిని ఎందుకు మారుతున్నావని అడిగితే, "ర్యాంకు వచ్చింది కదా మేడమ్, వదులుకోవడమెందుకు?" అన్నాడు. అతన్ని తప్పుపట్టను. మనం పెట్టిన నియమాన్ని అతను సరిగ్గానే చదువుకున్నాడు.

ఈ పోటీ తరగతి గదినీ పాడుచేస్తుంది. పక్కవాడి గ్రేడు పెరిగితే తన సీటు పోతుందని తెలిసిన పిల్లలు నోట్సు ఇవ్వడానికి వెనకాడతారు. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో విద్యార్థులు ఏ విభాగానికీ చెందకుండానే చేరతారు, మొదటి ఏడాది గడిచాక ఎంచుకుంటారు. పైగా మొదటి సెమిస్టరులో ఉత్తీర్ణులైతే ఆ మాట ఒక్కటే నమోదవుతుంది, తప్పితే అసలు నమోదే కాదు. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్ విద్యార్థులు మొదటి రెండేళ్లు అన్ని శాఖల మూలాలూ చదివి, మూడో ఏడాదిలో ఒకదానివైపు తిరుగుతారు. అందరూ ఒకే బ్రాంచికి ఎగబడితే ల్యాబులు, అధ్యాపకులు ఎక్కడి నుంచి వస్తారని పాలకులు అడగవచ్చు. సబబైన ప్రశ్నే. అందుకే ఆ ఏర్పాట్లను ఉన్నవి ఉన్నట్టు తెచ్చుకోమని అనను.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది జాబితా వెలువడే వేళ. మూడో సెమిస్టరు మొదలై కొన్ని వారాలయ్యాక కొత్త పేర్లు నా హాజరుపట్టీలోకి వస్తాయి. అప్పటికి సర్క్యూట్లను లెక్కగట్టే తొలి పద్ధతులైన మెష్, నోడల్ విశ్లేషణలు అయిపోతాయి, పెద్ద సర్క్యూట్‌ను చిన్నదిగా కుదించే థెవెనిన్ సిద్ధాంతం దాటిపోతాం. కెపాసిటర్‌లో వోల్టేజీ కాలంతోపాటు ఎలా మారుతుందో బోర్డు మీద అవకలన సమీకరణం రాస్తుంటే, ఆ పిల్లలు చివరి బెంచీలో మొదటి అధ్యాయం తిరగేస్తుంటారు. సర్క్యూట్లు రాకపోతే సిగ్నల్స్ అర్థం కాదు, సిగ్నల్స్ రాకపోతే కంట్రోల్ సిస్టమ్స్ అర్థం కాదు. ఏడాదికి ఒక్కసారే నడిచే పాఠం తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి. సివిల్‌కు మారినవారిదీ ఇదే అవస్థ: స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ పట్టుబడనిదే స్ట్రక్చరల్ అనాలిసిస్ ముందుకు సాగదు. మార్కుల్లో ముందున్నారని తెచ్చుకున్న పిల్లలనే ఇలా వెనక కూర్చోబెడుతున్నాం.

మొత్తం సగటుకు బదులు, కోరిన బ్రాంచికి పునాదిగా పనికొచ్చే రెండు మూడు పాఠాల గ్రేడులు చూడాలి. ఎలక్ట్రికల్ అయితే గణితం, భౌతికశాస్త్రం. కంప్యూటర్ సైన్స్ అయితే గణితం, ప్రోగ్రామింగ్. అనుమతి ఇచ్చేముందే, తప్పిపోయిన పాఠాలేవి, వాటిని ఏ సెమిస్టరులో పూర్తిచేయాలి అన్నది సలహాదారు విద్యార్థితో కూర్చుని కాగితం మీద పెట్టాలి. ఆ కాగితం చూశాక కొందరు తామే ఆగిపోతారు. సివిల్‌లో ఉంటూ ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలనుకునేవారికి, అవకాశం ఉన్నచోట, మైనర్ (సొంత బ్రాంచిలో ఉంటూనే మరో విభాగం పాఠాలు కొన్ని చదవడం) సరిపోతుంది.

ఇవన్నీ చర్చకు, సవరణకు సమయం తీసుకునేవే. జాబితాను మాత్రం వచ్చే ఏడాది నుంచే సెలవులు మొదలయ్యేలోగా ప్రకటించవచ్చు. దానికి కొత్త సీటూ అక్కర్లేదు, కొత్త ల్యాబూ అక్కర్లేదు. మొదటి రెండు అధ్యాయాలు సెలవుల్లో చదువుకొని రమ్మని నేనే వారికి చెబుతాను.

– ఒక ఇంజినీరింగ్ అధ్యాపకురాలు