గుండ్రం కాని గుండ్రం

విజయవాడ,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ బావా,

ముందు నాలుగు తిట్టెయ్, తర్వాత చదువు. నీ పార్సిల్ వచ్చి రెండు నెలలైంది, అందిందని ఒక్క ముక్క రాయలేదు. అయినా పెట్టె మీద "పెళ్లిరోజు కానుక, జాగ్రత్త" అని రాస్తావా నువ్వు? మీ చెల్లెలు నెక్లెస్ అనుకుని మురిసిపోయింది. విప్పితే డయల్ బోర్ గేజ్, ఇంజిన్ గొట్టాల లోపలి వెడల్పు కొలిచే సాధనం! వారం రోజులు నా కాఫీ నేనే పెట్టుకున్నాను.

ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి. బుడ్డోడు ఎనిమిదిలోకి వచ్చాడు. కబుర్లు అయిపోయాయి. అసలు సంగతి చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

ఎస్టీమ్ ఇంజిన్ దించేశాను.

అవును, నాన్న మారుతి ఎస్టీమే. ఎప్పటికైనా చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద దాన్ని తిప్పుదామని మనం అనుకునేవాళ్లం కదా. తొమ్మిది వందల కిలోలు కూడా లేని కారు, 1298 సీసీ, 16 వాల్వులు. ఒకప్పుడు మన దేశంలో రేసులకీ ర్యాలీలకీ కుర్రాళ్లు ఎగబడి కొనుక్కున్నది దీన్నే. కానీ పొగ కక్కేది. ఇంజిన్ పైమూత, అదే హెడ్, తీసి బోరు (పిస్టన్ ఆడే గొట్టం) పై అంచు మీద గోరు రాస్తే టక్కున తగిలింది, పిస్టన్ రింగులు పైకీ కిందికీ తిరిగి తిరిగి గోడని అరగదీయగా మిగిలిన గట్టు. అదంతా నాన్న తిరిగిన దూరం. బందరు, గుడివాడ, తిరుపతి... సరే, అది ఇంకోసారి రాస్తాను.

ఆటోనగర్‌లో ఒక లేత్ మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాను. డెబ్బై ఏళ్లుంటాయి, కళ్లజోడుకి దారం కట్టుకుంటాడు. కంపెనీ బోరు 74 మిల్లీమీటర్లు. అర మిల్లీ ఓవర్‌సైజ్ పిస్టన్లు తెచ్చాను కాబట్టి 74.50కి బోరు చెయ్యాలి. దీనివల్ల ఇంజిన్ 1316 సీసీ అవుతుంది. అంటే పెరిగింది 18 సీసీ, నాలుగు చెంచాల దగ్గు మందు! దాని కోసం ఇంత యాగీ ఏమిటంటావేమో. పెరిగే సీసీ గొడవ కాదురా, గుండ్రం గొడవ. పిస్టన్‌కీ గోడకీ మధ్య 0.02 నుంచి 0.04 మిల్లీ దాకా, అంటే 20 నుంచి 40 మైక్రాన్ల ఖాళీ ఉండాలి. తగ్గితే పట్టేస్తుంది, మన ఆర్ఎక్స్ 100 ఉయ్యూరు రోడ్డులో పట్టేసినట్టు. "చేత్తో తోస్తే దిగిందిరా, సరిపోయింది" అన్న మహానుభావుడివి నువ్వే. ఆ సోడా కుర్రాడి మొహం నాకింకా గుర్తుంది.

అందుకని ఈసారి కొలిచే తీరాలనుకున్నాను. హోనింగ్ (రాళ్లతో బోరు గోడ సానపట్టడం) అవగానే నీ గేజ్ తీశాను. పైన, మధ్యలో, కింద, ఒక్కో చోట ఇంజిన్ పొడుగునా ఒకసారి, దానికి అడ్డంగా ఒకసారి. సిలిండర్‌కి ఆరు చొప్పున ఇరవై నాలుగు అంకెలు. గేజ్‌ని లోపల పెట్టి మెల్లగా ఊపితే ముల్లు ఒక చోటికి వెళ్లి, ఆగి, వెనక్కి తిరుగుతుంది చూడు, ఆ తిరిగే చోటే కొలత. బుడ్డోడి లెక్కల పుస్తకం వెనక అట్టంతా నింపేశాను. అన్నీ 74.512, 74.513! పిస్టన్ 74.470. ఖాళీ 42, 43 మైక్రాన్లు, హద్దు దాటింది.

నాకు తిక్క రేగింది. "ఎక్కువ కోసేశారు మేస్త్రిగారూ!" అని గట్టిగానే అరిచాను. పక్క షెడ్డు వాళ్లు కూడా వచ్చి చూశారు. ఆయన చల్లగా ఇంజిన్ బ్లాక్ మీద అరచెయ్యి వేసి, "నువ్వూ వెయ్యి బాబూ" అన్నాడు. వేస్తే వెచ్చగా ఉంది, అంటే వేడికి ఉబ్బి ఉంది. మే నెల ఎండ, దాని మీద హోనింగ్ రాపిడి. నేను గేజ్‌ని సున్నా చెయ్యడానికి కొలతగా వాడిన మైక్రోమీటరేమో కారు ఏసీలోంచి చల్లగా తెచ్చింది! "ఒళ్లు కాగినవాడికి కొలతలు తియ్యకూడదు. రేపు తెల్లారి రా, ఆ సామానంతా ఇక్కడే వదిలెయ్" అన్నాడు.

రాత్రంతా నిద్ర లేదు. పొద్దున్నే వెళ్లి కొలిస్తే 74.500. అన్నీ ఒక మైక్రాన్ అటూ ఇటూ. సిగ్గుతో చచ్చాను బావా. ఆయన టీ తెప్పించాడు గానీ ఒక్క మాట అనలేదు, అదే ఇంకా బాధ.

ఆగు, అయిపోలేదు. బోరు గురించి రాస్తూ బోరు కొట్టిస్తున్నానని నాకూ తెలుసు, ఇంకాస్త ఓర్చుకో.

నేను ముందే ఒక మందపాటి ఉక్కు ప్లేటు కోయించి ఉంచాను, హోనింగ్ రాళ్లు దూరేలా నాలుగు పెద్ద కంతలతో. దాన్ని హెడ్ బదులు పెట్టి, గాస్కెట్ వేసి, హెడ్ బోల్టులే వాడి, టార్క్ రెంచ్‌తో అదే బిగింపు బిగించాలి. ఎందుకంటే బ్లాక్ అల్యూమినియం, లోపల పోత ఇనుము లైనర్లు. బోల్టు బిగిస్తే దాని చుట్టూ ఉన్న లోహం లాగబడుతుంది, బోరు ఆకారం చెడుతుంది. మేస్త్రి నవ్వాడు. "నలభై ఏళ్లుగా చేస్తున్నా, ఇదెప్పుడూ చూడలేదు" అన్నాడు.

బిగించి మళ్లీ గేజ్ దింపాను. పై నుంచి రెండంగుళాల లోపు, ఒక వైపు 74.507, దానికి అడ్డంగా 74.489!

పద్దెనిమిది మైక్రాన్లు. తల వెంట్రుకలో నాలుగో వంతు, కంటికి ఆనదు, వేలికి తగలదు. కానీ రింగు గుండ్రంగా ఉండి బోరు కోడిగుడ్డులా ఉంటే అతుక్కోదు కదా. ఏడు వేల ఆర్‌పీఎం దగ్గర గ్యాస్ కిందికి జారుతుంది, నూనె పైకి ఎక్కుతుంది. ముందురోజు అంత చక్కటి గుండ్రం! మన డ్రాయింగ్ మాస్టారు బోర్డు మీద చేత్తో గీసే సున్నా లాంటిది. తీరా హెడ్ బిగించేసరికి నీ దోసె అయింది.

మేస్త్రి కళ్లజోడు తీసి, లుంగీతో తుడుచుకుని, గేజ్ నా చేతిలోంచి తీసుకుని తనే ఊపి చూశాడు. ఒకసారి, రెండోసారి. నాలుగు బోర్లూ చూశాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "మరి ఇన్నాళ్లూ నేను చేసినవన్నీ..." అని ఆగిపోయాడు. నాకు ఏం చెప్పాలో తెలియలేదు. ఆయన చేసిన బళ్లు ఇప్పటికీ లక్షల కిలోమీటర్లు తిరుగుతున్నాయి, ఊరి మీద తిరిగే బండికి ఇంత పట్టింపు అక్కర్లేదు అన్నాను. నిజమే అన్నాను కదా?

ప్లేటు విప్పకుండానే సన్నరాయితో మళ్లీ హోన్ చేశాడు. పదిసార్లు అటూ ఇటూ తిప్పడం, నూనెతో కడగడం, చల్లారేదాకా ఆగడం, కొలవడం. ఆగమన్నది ఆయనే! చివరికి నాలుగూ 74.508 దగ్గర నిలిచాయి. ఖాళీ 38 మైక్రాన్లు, రెండు మైక్రాన్ల తేడాతో గట్టెక్కాం. లోపల టార్చి వేస్తే అడ్డగీతలు చాప అల్లికలా మెరుస్తున్నాయి. ఫొటో తీశాను గానీ అందులో ఏమీ కనపడదు, నువ్వే వచ్చి చూడాలి. దసరాకి వస్తానన్నావు, ఈసారీ ఎగ్గొట్టావో...

మేస్త్రి ఫోన్ చేస్తున్నాడు. రింగుల గ్యాప్ చూడాలి, "ఆ పెళ్లి కానుక కూడా పట్టుకురా" అంటున్నాడు. ఆ ప్లేటు కూడా తన దగ్గరే ఉంచమని అడిగాడు, ఇచ్చేశాను. గేజ్ మాత్రం

వస్తున్నా వస్తున్నా అంటే వినడే! పోస్టు డబ్బాలో ఇలాగే పడేస్తున్నాను.

నీ,
కాఫీ దొరకనివాడు